ధ్రువజ్యోతి: ఆలస్యముగా నొసగిన జవాబు

మన పాఠశాల వార్షిక సంచికకు ప్రతి సంవత్సరమును విజ్ఞానశాస్త్ర విషయమై యొక వ్యాసము వ్రాయుట నాకు వాడుక. ఇంతవరకు వ్రాసిన వానిలో నాకు తెలిసిన సంగతులను జెప్పితిని. ఈ పర్యాయము నాకు తెలియని దానిని తెలిసినట్లు నటించి యొక విద్యార్థినికి జేసిన యన్యాయమును జెప్పి, దానిని సరిదిద్దుకొనుటకై వ్రాయుచున్నాను. చదువరులు మన్నింతురు గాక.

అది 2024 మే నెల 11వ తేదీ, శనివారము. వేసవి సెలవులు. లోక్‌సభ ఎన్నికల పోలింగునకు రెండు దినములే మిగిలి యుండుటచే పట్టణమంతయు సందడిగా నుండెను. మధ్యాహ్నపు టెండలో నొక తల్లి మా వాకిట నిలిచి పిలిచెను. ఆమె మన పట్టణపు నేతవారి యింటిది. గొల్లభామ చీరలు నేసిన చేతులు. ఆమె కుమార్తె మన పాఠశాలలోనే చదివి, పై చదువులు ముగించి, కెనడా దేశమున కాల్గరీ నగరమునందు ఉద్యోగము చేయుచుండెను. తల్లి చేతిలో సెల్ ఫోను వణకుచుండెను. దానిలో నొక చిత్రము. ఇండ్ల కప్పులపైన ఆకాశమంతయు ఎఱ్ఱగాను, దాని క్రింద పచ్చగాను మండుచున్నట్లున్నది.

“సారూ, ఆకాశం అంతా నెత్తురు లెక్క అయింది. నా బిడ్డకు ఏం కాదు కదా?” అని యామె యడిగెను.

నేను నవ్వి, “అమ్మా, అది ధ్రువజ్యోతి. ఉత్తర దేశములలో రాత్రివేళ గనబడు వెలుగు. దానివలన నేలమీది మనుష్యులకు హాని లేదు. పైనున్న గాలియే మనలను గాచుచున్నది” అని చెప్పితిని. ఆమె ముఖమున కొంత తేఱుదల గలిగెను. పిదప మరల చిత్రమును జూచి, “రంగులద్దిన చీరను దండెం మీద ఆరేస్తే గాలికి ఆడినట్లున్నది” అనెను. చిత్రము క్రింద కుమార్తె వ్రాసిన నాలుగు మాటలను నాచేత జదివించెను. అందులో నిట్లుండెను: “అమ్మా, భయపడకు. ఇది సారుకు చూపించు. తొమ్మిదవ తరగతిలో నేను అడిగిన ప్రశ్న యాదికున్నదా అని అడుగు.”

నాకు జ్ఞాపకమున్నది. ఇరువది యేండ్లు గడచినను మఱపునకు రాలేదు.

ఆ దినమున నేను నల్లబల్లపై భూగోళమును గీచి, దాని లోపల నొక దండాయస్కాంతమును గీచి యిట్లు బోధించితిని: “సూర్యునినుండి విద్యుత్కణములు వచ్చును. భూమి యొక్క అయస్కాంత ధ్రువములు, దండాయస్కాంతపు కొనలు ఇనుపరజనును లాగినట్లు, వానిని దమవైపునకు లాగికొనును. అవి యచటి గాలిలో బడి వెలుగును.” మూడవ బల్లమీది బాలిక లేచి రెండు ప్రశ్నలు వేసెను. “సార్, ధ్రువములు లాగుచున్నచో సరిగా ధ్రువము మీదనే వెలుగు ఎక్కువ కావలె గదా, నార్వే, కెనడా దేశములలో నేల యెక్కువ? రాత్రివేళ సూర్యుడు భూమికి అవతలి ప్రక్క నుండును గదా, వాని కణములు ఇవతలి ప్రక్కకు ఎట్లు వచ్చినవి?”

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుట కలవాటు లేదు. “అది పరీక్షలో రాదు, కూర్చుండుము” అంటిని. ఆ బాలిక కూర్చుండెను. తరువాత ఆ సంవత్సరమంతయు ఆమె నన్ను మఱియొక ప్రశ్న యడుగలేదు. ఆ మౌనమును నేను వినయమని భ్రమించితిని.

తల్లిని సాగనంపి, ఆ సెలవులలో నేను మరల విద్యార్థి నైతిని. గ్రంథములు దెచ్చికొని చదివితిని. నేను నేర్చిన దానిని ఇప్పుడు మీ యెదుట నుంచుచున్నాను.

మొదట సూర్యుని సంగతి. సంపూర్ణ గ్రహణ సమయమున నల్లని బింబము చుట్టును ముత్యపు వన్నెగల యొక కిరీటము కనబడును. అది సూర్యుని వెలుపలి వాతావరణము. దాని వేడిమి పది లక్షల డిగ్రీలకు మించినది. అంతటి వేడిమియందు పరమాణువులు నిలువలేక, ఎలక్ట్రానులు వేఱు, కేంద్రకములు వేఱుగా విడిపోవును. ఆ కణముల ప్రవాహము ఎల్లవేళల నన్ని దిక్కులకు వీచుచుండును. దానికి సౌరపవనమని పేరు. దాని వేగము సాధారణముగా సెకనునకు 400 కిలోమీటర్లు. మన సిద్దిపేట నుండి హైదరాబాదునకు సుమారు 100 కిలోమీటర్లు. ఆ గాలికి అది పావు సెకను ప్రయాణము. ఐనను భూమికిని సూర్యునికిని నడుమ 15 కోట్ల కిలోమీటర్లుండుటచే, మనలను జేరుటకు దానికి నాలుగు దినములు పట్టును. అప్పుడప్పుడు సూర్యుని మచ్చలున్న చోట అయస్కాంత శక్తి పెనవేసికొని తెగి, కిరీటములోని కొంత పదార్థము ఒక్కుమ్మడిగా విసరివేయబడును. అట్టిది ఒకటి రెండు దినములలోనే మనలను జేరవచ్చును.

ఈ సూర్యుని సంగతిలో మన తెలుగునేలకు గొప్ప పాలు గలదు. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునుండియు, మద్రాసు వేధశాలాధికారి పాగ్సన్ మచిలీపట్టణము నుండియు పరిశీలించిరి. సూర్యుని యంచున లేచు ఎఱ్ఱని జ్వాలలు వెలిగెడు వాయువులే యని యప్పుడు తేలినది. హీలియము కథకును ఆ గ్రహణమే మొదలు. మరల 1980 ఫిబ్రవరి 16వ తేదీన హైదరాబాదు సమీపమునందలి జాపాల్-రంగాపూర్ వేధశాలనుండి ఆ కిరీటమును శాస్త్రజ్ఞులు కన్నులార జూచిరి. నాకప్పుడు పదునాలుగేండ్లు. మన పట్టణమున ఆ గ్రహణము పాక్షికము. మా యింట తలుపులు మూసి, కిటికీలకు దుప్పట్లు గట్టి, పిల్లలను లోపల గూర్చుండబెట్టిరి. తగిన జాగ్రత్త లేక సూర్యుని జూచుట కన్నులకు హాని, అది నిజమే. కాని మమ్ము లోపల నుంచినది ఆ జ్ఞానము గాదు, భయము. ఆ చీకటి గదిలో గూర్చున్న బాలుడే పెరిగి ఉపాధ్యాయుడై, ప్రశ్న వేసిన బాలికను గూర్చుండుమన్నాడు. రెండును ఒకటే తలుపు మూయుట యని నాకిప్పుడు తోచుచున్నది.

ఇక భూమి సంగతి. విద్యుత్కణము అయస్కాంత బలరేఖను అడ్డముగా దాటజాలదు. దాని చుట్టు తిరుగుచు, దాని వెంబడి మాత్రము జారగలదు. కావున భూమి అయస్కాంతక్షేత్రము సౌరపవనమును లాగుటకు మారుగా అడ్డగించును. నేను బోధించినది మొదటనే తలక్రిందు. వాగు నడుమ నున్న బండరాతిని దలపునకు దెచ్చుకొనుడు. నీరు రాతి ముందు చీలి, ఇరుప్రక్కల బాఱి, వెనుక నొక పొడవైన తోకను గీచును. అట్లే సౌరపవనము భూమికి ముందు ప్రక్క, అనగా పగటివైపున, సుమారు 60 వేల కిలోమీటర్ల దూరమున చీలిపోవును. వెనుక ప్రక్క, అనగా రాత్రివైపున, మన అయస్కాంతక్షేత్రమును లాగి చంద్రుని కక్ష్యకు మించిన పొడవు తోకగా సాగదీయును.

ఇచటనే ఆ బాలిక రెండవ ప్రశ్నకు జవాబున్నది. సౌరపవనము తనతో కొంత అయస్కాంతక్షేత్రమును గూడ గొనివచ్చును. దాని దిశ దక్షిణమునకు దిరిగి, భూమి క్షేత్రమునకు ఎదురైనప్పుడు, పగటివైపున రెండింటి రేఖలును తెగి ఒకదానితో నొకటి యతుకుకొనును. అట్లతికిన రేఖలను గాలి వెనుకకు లాగికొనిపోయి తోకలో నింపును. మీరు గులేరు రబ్బరును ఎంత లాగిన నంత బలము దానిలో జేరును గదా. తోకలో నట్లే శక్తి కూడును. ఒక మేరకు మించినప్పుడు తోకలోని రేఖలు తెగి, మరల నతికి, భూమివైపునకు దెబ్బున ముడుచుకొనును. అప్పుడు తోకలోని ఎలక్ట్రానులు రేఖల వెంబడి భూమికి దిగివచ్చును. దారిలో కొన్నివేల కిలోమీటర్ల యెత్తున విద్యుద్బలములు వానిని మఱింత వేగముతో నెట్టును. కావున ధ్రువజ్యోతి కణములు సూర్యునినుండి సూటిగా వచ్చి పడునవి కావు. అవి మన వెనుకనుండి, రాత్రివైపు తోకనుండి వచ్చునవి. రాత్రి నడిజామున నా వెలుగు మిక్కుటమగుటకు గారణ మిదియే.

మొదటి ప్రశ్నకు జవాబు గూడ దీనినుండియే వచ్చును. తోకలోని ఆ భాగమునకు బోవు రేఖలు భూమిని దాకునది సరిగా ధ్రువము మీద గాదు. ధ్రువమునకు గొంత యెడముగా, అయస్కాంత అక్షాంశము 65 మొదలు 70 డిగ్రీల ప్రాంతమున, అవి ఒక ఉంగరమువలె భూమిని జుట్టి దాకును. ఆ యుంగరము క్రిందనే నార్వే ఉత్తరభాగము, అలాస్కా, కెనడా ఉన్నవి. దక్షిణార్ధమునందును అట్టి యుంగరమే కలదు. 1773 సంవత్సరమున కెప్టెన్ కుక్ దక్షిణ సముద్రములలో దీనిని జూచెను. అంటార్కిటికాలో మన దేశము 2012లో నెలకొల్పిన భారతి కేంద్రము ఆ దక్షిణ జ్యోతి కనబడు చోటనే యున్నది. తుపాను బలిసినకొలది ఉంగరము విశాలమై, భూమధ్యరేఖ వైపునకు జరుగును.

మఱి యా రంగు లేల? దిగివచ్చు ఎలక్ట్రానులు గాలిలోని ఆమ్లజని, నత్రజనులను దాకును. దెబ్బతిన్న పరమాణువు కొంత శక్తిని బట్టి యుంచుకొని, పిదప వెలుగుగా విడిచివేయును. మన దుకాణముల ముందరి నియాను దీపము వెలుగుటయు నిట్లే. ఆమ్లజని పచ్చని వెలుగును విడుచుటకు సుమారు ముప్పావు సెకను పట్టును. ఎఱ్ఱని వెలుగును విడుచుటకు రెండు నిమిషములకు గొంచెము తక్కువ. గాలి దట్టముగా నున్నచోట ఆ రెండు నిమిషములు ముగియకమునుపే మఱియొక కణము వచ్చి దాకి, యా శక్తిని హరించును. కావున ఎఱుపు 200 కిలోమీటర్లకు పైన, గాలి మిక్కిలి పలుచనైన చోటనే పుట్టును. పచ్చదనము 100 మొదలు 150 కిలోమీటర్ల నడుమ పుట్టును. అంతకు క్రింద నత్రజని నీలి, గులాబి వన్నెల నంచు దీర్చును. ఆ పచ్చని రేఖను స్వీడను శాస్త్రజ్ఞుడు ఆంగ్‌స్ట్రామ్ 1867లో కొలిచెను; అది ఆమ్లజనిదేనని 1925లో కెనడాలోని టొరాంటోలో దేలినది. ఒక్క రంగు పుట్టువు తెలియుటకు 58 సంవత్సరములు పట్టినది. తెలియదని యొప్పుకొని వెదకుచున్నవారి యోపిక యట్టిది.

ఆ తల్లి చీర యనిన మాటలో నెంత నిజమున్నదో నా కప్పుడు తెలిసినది. ధ్రువజ్యోతిలో నిలువుగా గనబడు చారలు అయస్కాంత బలరేఖల వెంబడి వెలిగినవే. మగ్గము మీది పడుగు దారములవలె ఆ రేఖలు ఎప్పుడును ఆకాశమున నున్నవి. మన కన్నులకు గనబడవు. ఎలక్ట్రానులు దిగినప్పుడే వాని వెంబడి రంగు పట్టి, చీర కంటబడును. నేను ముప్పది యేండ్లు చెప్పిన ఇనుపరజను ఉపమానముకంటె నేతపనియామె యొక్క చూపు సత్యమునకు దగ్గరగా నుండెను.

కొన్ని దినముల పిదప ఆమె మరల వచ్చి, “మన దిక్కు ఎందుకు రాదు సారూ?” అని యడిగెను. ఈసారి నేను తొందరపడలేదు. మన సిద్దిపేట అయస్కాంత అక్షాంశము సుమారు 9 డిగ్రీలు. మన తలమీది బలరేఖలు కొద్దిగా పైకి లేచి, భూమధ్యరేఖను దాటి, దక్షిణమున మరల నేలకు దిగిపోవును. దూరమునందలి తోకతో వానికి సంబంధము లేదు. ఆ ఎలక్ట్రానులకు మన యింటికి దారి లేదని యామెకు జెప్పితిని.

కాని మన దేశమున ఆ రాత్రి ఎవరును జూడలేదనుట సరికాదు. లదాఖులో 4,500 మీటర్ల యెత్తున నున్న హాన్లే వేధశాలలో భారతీయ ఖగోళ భౌతిక సంస్థవారి కెమేరాలు మే 10, 11 తేదీల నడిమి రాత్రి ఉత్తరపు దిగంతమున ఎఱ్ఱని కాంతిని బట్టినవి. పచ్చదనము కనబడలేదు. తాటిచెట్టు మొదలు మఱుగుపడినను తల కనబడునట్లు, మిక్కిలి యెత్తున బుట్టు ఎఱుపు మాత్రమే భూమి వంపును దాటి యంత దూరము కనబడును. 100 కిలోమీటర్ల యెత్తునందలి వెలుగు సుమారు 1,100 కిలోమీటర్ల దూరమువఱకును, 400 కిలోమీటర్ల యెత్తునందలిది సుమారు 2,200 కిలోమీటర్ల దూరమువఱకును దిగంతముపై గనబడగలదు. మనకు సమాన అక్షాంశమున నున్న బొంబాయిలో సయితము 1872 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి ధ్రువజ్యోతి కనబడినట్లు ఆనాటి వార్తలు గలవు. అట్టి తుపాను మిక్కిలి యరుదు.

ఇక మీకు మిక్కిలి ముఖ్యమైన సంగతి. వెలుగు మనకు రాలేదు గాని, తుపాను వచ్చినది. ధ్రువజ్యోతి యాడునప్పుడు దిక్సూచి ముల్లు చలించునని 1741లోనే స్వీడను దేశపు ఉప్సలాలో సెల్సియస్, హ్యోర్టర్ అను వారు కనుగొనిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1964 నుండి అయస్కాంత వేధశాలను నడుపుచు, భూమి క్షేత్రపు హెచ్చుతగ్గులను నమోదు చేయుచున్నది. 2024 మే తుపాను 2003 అక్టోబరు తరువాత వచ్చిన వానిలో మొదటి అత్యంత తీవ్ర శ్రేణి తుపాను. భూమికి ముందు 15 లక్షల కిలోమీటర్ల దూరమున నున్న మన ఆదిత్య-ఎల్1 నౌక ఆ ఉద్ధృత సౌరపవనమును గొలిచినది. అది 2023 సెప్టెంబరు 2వ తేదీన మన శ్రీహరికోటనుండి లేచి, 2024 జనవరి 6వ తేదీన తన నెలవును జేరినది. ఆ తుపానులో భూమధ్యరేఖ ప్రాంతమున భూమి అయస్కాంతబలము నూటికి ఒక పాలు మేరకు దగ్గినది. అనగా, కాల్గరీలో ఆ బిడ్డ తల పైకెత్తి వెలుగును జూచుచున్న సమయమున, ఇచట పగటియెండలో ఆమెకై దిగులుపడుచున్న తల్లి మీదుగా గూడ అదే తుపాను సాగుచుండెను. ఒకరికి గనబడినది, ఒకరికి గనబడలేదు, అంతియే భేదము.

ఇట్టి తుపాను మనుష్యుల దేహములను దాకకున్నను, వారి పనులను దాకగలదు. 1989 మార్చి 13వ తేదీన కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున అయస్కాంత తుపానుచే విద్యుత్తు నిలిచి, సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకటిలో నుండిరి. కావున దీనిని శకునమని భయపడుటయు తప్పు, వేడుకయని విడిచిపెట్టుటయు తప్పు. తెలిసికొనుటయే తగినది.

నేను నేర్చినదంతయు నాలుగు పుటలలో వ్రాసి, బొమ్మలు గీచి, ఆ విద్యార్థినికి బంపితిని. చివర నిట్లు వ్రాసితిని: “అమ్మాయీ, నీ ప్రశ్నలు రెండును సరియైనవి. నా పాఠము తప్పు. నాకు తెలియదని ఆ దినమున జెప్పవలసినది. చెప్పనందుకు క్షమింపుము.” మఱునాడు జవాబు వచ్చినది. ఆమె వ్రాసినది రెండు వాక్యములే. మొదటిది కృతజ్ఞత. రెండవది మఱియొక ప్రశ్న: ఉత్తరపు ఉంగరములోని వెలుగును దక్షిణపు ఉంగరములోని వెలుగును ఒక్కసారియే ఒక్కరీతిగా నాడునా?

ఇరువది యేండ్లకు ఆ బాలిక మరల లేచి నిలువబడి నన్ను ప్రశ్న యడిగినది. నాకు గలిగిన సంతోషమును వ్రాయజాలను. ఈసారి నేను వ్రాసినది: “పూర్తిగా తెలియదు. చదివి చెప్పెదను.” చదివితిని. ఒకే రేఖ రెండు కొనల యందును వెలుగు తఱచుగా ఒక్కసారియే పుట్టునుగాని, రెండు ప్రక్కల ఆకృతి సరిగా నొక్కటిగా నుండదని తెలిసినది. సౌరపవనము తెచ్చు క్షేత్రము ప్రక్కకు వాలుటచే తోక మెలిబడుట దానికొక కారణము. అదియు నామెకు వ్రాసితిని.

ప్రియ విద్యార్థులారా, మీలో ఎవరైనను తరగతిలో లేచి ప్రశ్న వేసినప్పుడు, దానికి జవాబు పుస్తకములో లేకున్నను, పరీక్షలో రాకున్నను, ఇకమీద మిమ్ము గూర్చుండుమనను. తలిదండ్రులారా, మీ పిల్లలు ఇంట నట్టి ప్రశ్న వేసినచో తలుపు మూయకుడు. నాతోడి ఉపాధ్యాయులారా, తెలియదను మాటవలన మనకు గౌరవము తగ్గదని నా యనుభవముచే జెప్పుచున్నాను. తొమ్మిదవ తరగతి నల్లబల్లమీద ఈ సంవత్సరము నేను భూగోళమును మరల గీచితిని. వెనుక ప్రక్కన తోకను గూడ గీచితిని.